ఒకే మనిషి, నాలుగు పేర్లు: ‘కేరాఫ్ కంచరపాలెం’ వెనక ఎనభై ఏళ్లు

(వెండితెర మీద వెలివాడ – 9వ భాగం)



ముందు రెండు తేదీలు రాసుకోండి.

2018 సెప్టెంబర్ 7. ‘కేరాఫ్ కంచరపాలెం’ థియేటర్లలోకి వచ్చిన రోజు.

2018 సెప్టెంబర్ 14. మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికి వస్తున్న ఒక దళిత క్రైస్తవ యువకుణ్ని పట్టపగలు నరికి చంపిన రోజు. చంపించింది పిల్ల తండ్రి. చేసిన తప్పు ప్రేమించి పెళ్లి చేసుకోవడం.

రెండింటికీ మధ్య సరిగ్గా వారం. ఒక పక్క రాష్ట్రమంతా హాల్లో కూర్చుని, 49 ఏళ్ల అటెండర్‌కి ఎట్టకేలకు పెళ్లవుతుంటే కళ్లు తుడుచుకుంటోంది. ఇంకో పక్క అదే రాష్ట్రాల జనంలో కొందరు ఫోన్లు తీసి, ‘తండ్రి బాధ మీకేం తెలుసు’ అని రాస్తున్నారు. ఈ రెండు పనులూ చేసిన చేతులు కొన్నిచోట్ల ఒకటే. అదెలా సాధ్యం? తెరమీద ప్రేమకు ఏడ్చే మనిషి వీధిలో ప్రేమను చంపినవాడికి సానుభూతి ఎలా చూపగలిగాడు? ఈ భాగంలో నేను వెతుకుతున్నది దీనికి జవాబే.

సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగి, చూసి రండి. ముగింపు చెప్పకుండా ఈ వ్యాసం నడవదు.

కథలో నాలుగు జంటలు

దర్శకుడు వెంకటేష్ మహాకి ఇది మొదటి సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ. ఆవిడే సలీమా పాత్ర కూడా వేశారు. సురేష్ ప్రొడక్షన్స్ తరఫున రానా సమర్పించారు. నటుల్లో ఎక్కువమంది విశాఖ కంచరపాలెంలో ఉండే మామూలు మనుషులు. అందుకే తెరమీద ఆ వీధి వీధిలాగే ఉంది, ఆ యాస యాసలాగే ఉంది.

నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. బడిలో చదివే సుందరం, సునీత. ఇరవైల్లో ఉన్న జోసెఫ్, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. వైన్ షాపులో పనిచేసే ముప్పై దాటిన గడ్డం, ముసుగులోంచి కళ్లు మాత్రమే కనిపించే సలీమా. పెళ్లికాని ముదురు అటెండర్ రాజు, ఆ ఆఫీసుకే అధికారిగా బదిలీ మీద వచ్చిన ఒడియా వితంతువు రాధ.

సునీతను తండ్రి దూరం చేస్తాడు. భార్గవి తండ్రి చస్తానని బెదిరిస్తాడు, ఆ పిల్ల వేరే పెళ్లికి తల వంచుతుంది. సలీమాను చంపేస్తారు. రాజు రాధలు మాత్రం ఒకటవుతారు. చివర్లో తెలుస్తుంది: సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురు కాదు, ఒక్కడే. మనం పక్కపక్కన చూసినవి నిజానికి ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి.

చాలామంది దీన్ని ‘ట్విస్ట్’ అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను చరిత్ర చదివే అలవాటున్న మనిషిగా ఇంకో ప్రశ్న అడుగుతాను. మనం ఎందుకు మోసపోయాం?

లెక్క వేయండి. 2018లో రాజుకి 49 అంటే పుట్టింది 1969 ప్రాంతంలో. సుందరం బడికెళ్లింది 1980 చుట్టుపక్కల. జోసెఫ్ ప్రేమించింది 1990 దాటాక. గడ్డం వైన్ షాపులో ఉన్నది కొత్త శతాబ్దం మొదట్లో. నలభై ఏళ్లను దర్శకుడు ఒకే కాలంలో జరుగుతున్నట్టు చూపించాడు, మనం నమ్మాం. నమ్మడానికి అభ్యంతరం కనిపించలేదు. ఎందుకంటే నాలుగు కాలాల్లోనూ అడ్డం వచ్చింది ఒకటే. ‘వాళ్లు వేరు, మనం వేరు.’ కాలం మారినా కాపలా మారలేదు కాబట్టే ఆ కథనం పనిచేసింది. దర్శకుడి తెలివి కొంత, మన సమాజం కదలకపోవడం చాలా.

అందుకే ఈ వ్యాసంలో రాజు బతుకు పక్కన అసలు చరిత్రను పెట్టి చదువుదాం. దానికంటే ముందు రాజు పుట్టకముందు సంగతులు కొన్ని.

1916: మిగిలిపోయిన మగవాడు, మిగిలిపోయిన ఆడది

1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయంలో పాతికేళ్ల అంబేడ్కర్ ఒక పత్రం చదివారు. ‘భారతదేశంలో కులాలు’. కులానికి ప్రాణం ఎక్కడుంది అన్నది ఆయన ప్రశ్న. అంటులో కాదు, వృత్తిలో కాదు, తమలో తాము మాత్రమే పెళ్లి చేసుకోవాలన్న కట్టడిలో ఉంది అని ఆయన తేల్చారు. 

తర్వాత ఆయన చేసిన లెక్క అద్భుతం. ఒక గుంపు లోపలే పెళ్లిళ్లు జరగాలంటే ఆడ మగ సంఖ్య సమంగా ఉండాలి. భర్త చనిపోతే భార్య ‘మిగులు’. భార్య పోతే భర్త ‘మిగులు’. ఈ మిగిలిన మనిషి గుంపు బయట తోడు వెతుక్కుంటే గోడ కూలుతుంది. అందుకే మిగిలిన ఆడదాన్ని భర్తతో పాటు కాల్చారు, లేదా జీవితాంతం వితంతువుగా ఉంచారు. మిగిలిన మగవాడు గుంపుకి అవసరం కాబట్టి అతన్ని కాల్చలేదు. బ్రహ్మచర్యం అంటగట్టారు, లేదా ఇంకా పెళ్లీడు రాని చిన్నపిల్లను తెచ్చి కట్టబెట్టారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం మూడూ కులాన్ని కాపాడుకునే పనిముట్లే అని ఆయన తేల్చి చెప్పారు.

ఇప్పుడు ‘కంచరపాలెం’ చివరి జంటను చూడండి. 42 ఏళ్ల వితంతువు. 49 ఏళ్ల పెళ్లికాని మగవాడు. అంబేడ్కర్ చెప్పిన ఆ ఇద్దరు ‘మిగులు’ మనుషులే! రాష్ట్రం వేరు, భాష వేరు, ఉద్యోగం అంతస్తు వేరు. మిగిలిపోయినవాళ్లు గుంపు బయటికి నడిచి ఒకరినొకరు వెతుక్కున్నారు. వాళ్ల పెళ్లికి ఇంటివాళ్లు, వీధి ఎందుకంత కంగారుపడ్డాయో 1916 నాటి ఆ పత్రం చదివితే తెలుస్తుంది. రాజుకి పెళ్లి కాకపోవడం ఊరికి ఒక సమస్య. చేసుకుంటానంటే ఇంకో సమస్య. మిగిలిన మనిషిని ఊరు ఊరికే వదలదు.

పిల్లలకు క్లాసులో ఈ పత్రం చెప్పేటప్పుడు నేను ఈ సినిమానే ఉదాహరణగా తీసుకుంటాను. వెంటనే అర్థమవుతుంది.

1938: ఎవరి మనసు మారితే కథ ముగుస్తుంది?

‘కంచరపాలెం’కి సరిగ్గా 80 ఏళ్ల ముందు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలం. మాటలు తాపీ ధర్మారావు. చల్లపల్లి రాజా పెట్టుబడి పెట్టిన సారథి సంస్థ సినిమా. పౌరాణికాలు ఏలుతున్న రోజుల్లో ఒక సమకాలీన గొడవను తెరకెక్కించడం చిన్న సాహసం కాదు. 1933–34లో గాంధీ హరిజన యాత్ర ఆంధ్ర మీదుగా సాగింది. 1936లో తిరువాన్కూరు సంస్థానంలో ఆలయాల తలుపులు తెరిచారు. ఆ గాలిలో పుట్టిన సినిమా ఇది.

పూజారుల పెద్ద సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజు మాలపల్లెలోని శంపాలతను ప్రేమిస్తాడు. ఊళ్లో ఉండనివ్వరు కాబట్టి కలకత్తా వెళ్లిపోతారు. చివరికి శాస్త్రి భార్యను మంటల్లోంచి ఒక హరిజన యువకుడు కాపాడతాడు. శాస్త్రి మనసు కరుగుతుంది. కథ సుఖాంతం.

ఈ సినిమాకి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. తెలుగు తెరమీద మాలపల్లె అన్న మాటను గట్టిగా పలికింది ఇదే. కానీ రెండు సంగతులు గమనించండి.

ఒకటి. పిల్ల మాలపిల్ల, పిల్లవాడు బ్రాహ్మణ. మనుస్మృతి భాషలో ఇది అనులోమం. పై కులం మగవాడు కింది కులం స్త్రీని తెచ్చుకోవడం శాస్త్రానికి నచ్చకపోయినా భరించగలిగే తప్పు. తిరగబడితే, అంటే ప్రతిలోమమైతే, శాస్త్రం భరించదు. 

రెండు. కథ ముగియాలంటే ఎవరు మారాలి? శాస్త్రి. ఎలా మారతాడు? ఒక దళితుడు ప్రాణాలకు తెగించి ఆయన భార్యను కాపాడితే. అంటే మనిషిగా గుర్తింపు రావాలంటే మనవాడు మంటల్లోకి దూకి రుజువు చూపించాలి. ఆ రుజువు చూసి తీర్పు ఇచ్చేది పెద్దమనిషే. ప్రేమించుకున్న ఇద్దరి చేతుల్లో ఆ కథ ముగింపు లేదు.

ఈ అచ్చును గుర్తు పెట్టుకోండి. తెలుగు సినిమా దీన్ని యాభై ఏళ్లు వాడింది.

1948: తెరకెక్కని రెండు పెళ్లిళ్లు

సినిమా ఇలా ఉంటే, అసలు బతుకులో ఏం జరిగింది?

గోరాగా మనకు తెలిసిన నాస్తికుడు గోపరాజు రామచంద్రరావు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకి ఇచ్చి పెళ్లి చేయాలనుకున్నారు. సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. జనవరి 30న గాంధీ హత్య జరిగింది. అయినా పెళ్లి ఆగలేదు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. తర్వాత గోరా కొడుకు లవణం మన మహాకవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. హేమలతా లవణం జోగినుల కోసం, స్టువర్టుపురం కోసం చేసిన పని మీకు తెలుసు.

ఇక్కడ ఒక్క మాట. జాషువా తల్లిదండ్రులదే కులాంతర వివాహం. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. రెండు వైపులా ఆదరణ లేని ఇంట్లో పెరిగిన కవి ‘గబ్బిలం’ రాశాడు. తెలుగు సాహిత్యం పాఠం చెప్పే చాలా తరగతి గదుల్లో ‘గబ్బిలం’ చెబుతారు, ఈ పెళ్లి సంగతి చెప్పరు.

రెండో పెళ్లి 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో జరిగింది. బాబాసాహెబ్ అంబేడ్కర్, డాక్టర్ శారదా కబీర్. ఆవిడ సారస్వత బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన వైద్యురాలు. రిజిస్టర్ పెళ్లి. అప్పటికి రమాబాయి పోయి 13 ఏళ్లు. వరుడికి ముందు రోజే 57 నిండాయి. రాజు కంటే ఎనిమిదేళ్లు పెద్ద! ‘మిగిలిన మగవాడు’ గురించి 1916లో రాసిన మనిషి, 32 ఏళ్ల తర్వాత తానే ఆ గోడ దాటి నడిచాడు.

ఈ రెండు పెళ్లిళ్లలో పెద్దమనిషి కరిగిపోయే సన్నివేశం లేదు. మంటలు లేవు, రుజువులు లేవు. ఇద్దరు మనుషులు, ఒక నిర్ణయం. తెలుగు సినిమా ఈ కథల జోలికి పోలేదు.

సుందరం కాలం: మురళి వాయిస్తేనే మనిషి

సుందరం బడిలో సునీత వెంట నడిచే కాలానికి, 1981లో, కె. విశ్వనాథ్ ‘సప్తపది’ వచ్చింది. ఈసారి పిల్ల బ్రాహ్మణ, పిల్లవాడు హరిజనుడు. ప్రతిలోమం! తెలుగు సినిమా పెద్ద అడుగే వేసింది. జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం కూడా అందుకుంది.

యాజులు గారి మనవరాలు హేమ నర్తకి. హరిబాబు మురళి వాయిస్తాడు. హేమను పెద్దలు పూజారి గౌరీనాథ్‌కి ఇచ్చి పెళ్లి చేస్తారు. అతనికి భార్యలో అమ్మవారు కనిపిస్తుంది, కాపురం చేయలేడు. చివరికి తాతగారే మనవరాలిని హరిబాబు చేతిలో పెడతాడు. ఆ నిర్ణయం సోమయాజులు ముఖంలో పండిన తీరుకి నేనూ చేతులు జోడిస్తాను.

అయినా చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్న అడుగుదాం. హరిబాబుకి ఆ ఇంటి గడప దాటే అర్హత ఎలా వచ్చింది? మురళి వల్ల. భక్తి వల్ల. కళ వల్ల అతను ముందే ‘మంచివాడు’ అయ్యాడు. చెప్పులు కుట్టే హరిబాబు, కూలికెళ్లే హరిబాబు, కోపం వచ్చే హరిబాబు అయితే? ఆ సినిమా నడవదు. పైగా హేమ పెళ్లయినా కన్యగానే హరిబాబు దగ్గరికి వస్తుంది. పవిత్రతను ఎక్కడా చెదరనివ్వకుండా సంస్కరణ చేశారు. తీర్పు మళ్లీ తాతగారిదే. 1938 అచ్చే, రంగు మారింది.

ఇప్పుడు సుందరాన్ని చూడండి. వాడి తండ్రి వినాయకుడి బొమ్మలు చేస్తాడు. దేవుణ్ని చేసే చేతులు ఆయనవి. ఆ దేవుడు వాడి ప్రేమను కాపాడడు. పిల్లవాడి కోపం విగ్రహం మీదికి వెళ్తుంది, దాని వెనకే తండ్రి పోతాడు. హరిబాబు కళ అతన్ని గడప దాటించింది. సుందరం తండ్రి కళ ఆయన ప్రాణాన్ని కూడా నిలపలేదు. మన చేతివృత్తుల పేటల్లో ఏది ఎక్కువసార్లు జరిగిందో మీరే చెప్పండి.

జోసెఫ్ కాలం: సినిమా హాల్లో కాలు తగిలితే

జోసెఫ్ వయసు మన కుర్రాళ్లకు 1990ల మొదట్లో ఏం జరిగిందో చెప్పాలంటే చుండూరు చెప్పాలి.

కారంచేడు జరిగింది 1985 జూలై 17న. ఆ మంటలోంచి దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్లకు చుండూరు. 1991 జూలై మొదటి వారంలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత పట్టభద్రుడి కాలు ముందు వరసలో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. తగిలింది కాలే. దానిమీద గొడవ, సాంఘిక బహిష్కరణ, 144 సెక్షన్. నెల తిరిగాక, ఆగస్టు 6న, పోలీసుల కళ్ల ముందే తరిమి తరిమి ఎనిమిది మంది దళితులను నరికారు. గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు.

మిత్రులారా, ‘సినిమా అందరిదీ’ అని చెప్పే ప్రతి వ్యాసం పక్కనా ఈ హాలును పెట్టి చదవండి. చీకటి పడ్డాక అందరూ ఒకే తెరను చూస్తారు నిజమే. కానీ చీకట్లో కూడా కాలు ఎవరికి తగిలిందో తెలుసు. చదువుకుని, ప్యాంటు చొక్కా వేసుకుని, టికెట్ కొనుక్కుని, సమానంగా కుర్చీలో కూర్చున్న దళిత యువకుణ్ని చూసి ఊరు తట్టుకోలేకపోయింది. అతను హీరోయిన్‌ను తెరమీద చూడటమే నేరమైతే, ఊళ్లో అమ్మాయిని చూడటం ఏమవుతుంది?

ఇక జోసెఫ్ అన్న పేరు. సుందరం జోసెఫ్ అయ్యాడంటే సినిమాలో అది విశ్వాసం మారిన కథ. మన పేటల్లో ఆ పేరు మారడానికి ఇంకో చరిత్ర ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవుడు బీసీ–సీ కింద, 1 శాతం కోటాలోకి వెళ్తాడు. అందుకే చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. అమ్మ ‘జోసెఫ్’ అని పిలుస్తుంది, హాజరు పట్టీలో ‘రాజు’ అని ఉంటుంది. నా తరగతిలోనే ఇలా రెండు పేర్ల పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ‘ఒకే మనిషికి ఇన్ని పేర్లా!’ అని హాల్లో ఆశ్చర్యపోయినవాళ్లు పోయారు. మనకు అందులో ఆశ్చర్యం ఏముంది?

చట్టం వైపు నుంచి కూడా చూడండి. హిందువుల్లో కులాంతర పెళ్లి చెల్లుతుందని 1949 చట్టం, తర్వాత 1955 హిందూ వివాహ చట్టం తేల్చాయి. జోసెఫ్, భార్గవి ఎవరి మతంలో వాళ్లు ఉండి పెళ్లి చేసుకోవాలంటే ఒక దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. దాంట్లో 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజులు! భార్గవి తండ్రి చస్తానని బెదిరించడానికి ఒక్క పూట సరిపోయింది. పారిపోవాల్సిన ఇద్దరి చిరునామాను చట్టమే గోడకు అంటిస్తే, రక్షణ ఎవరికి?

గడ్డం కాలం: ఎనిమిది మంది స్నేహితులు, ఒక్క కులమూ లేదు

గడ్డం వైన్ షాపులో సీసాలు అందిస్తున్న కాలానికి తెలుగు సినిమా పూర్తిగా మారిపోయింది. ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో పెరిగాయి. 2007 అక్టోబర్‌లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చింది. ఎనిమిది మంది స్నేహితులు, ప్రేమలు, అలకలు, క్యాంపస్ ఉద్యోగాలు. ఆధునిక సంబంధాల మీద గుంపు కథలు మనకు అలవాటైంది ఇక్కడినుంచే. నా తరం ఆ పాటలు పాడుకుంటూనే పెరిగింది.

ఆ ఎనిమిది మందిలో ఎవరి కులం ఏమిటి? తెలియదు. ఎవరికి ఏ ర్యాంకుకు సీటు వచ్చింది, ఎవరికి ఫీజు కట్టే స్తోమత లేదు, హాస్టల్లో ఎవరిని ఏ పేరుతో పిలిచారు? తెలియదు. ‘మాలపిల్ల’ కులాన్ని పేరు పెట్టి పిలిచి తప్పుగా పరిష్కరించింది. కొత్త సినిమా పేరే ఎత్తకుండా పరిష్కరించింది. కులం పోయిందని కాదు, తెరమీద ఉన్నవాళ్లకు అది అడ్డం రాలేదు కాబట్టి కనిపించలేదు. ఈ సినిమాల్లో జంటలు విడిపోతే కారణం అహం, అపార్థం, కెరీర్. గుమ్మం దగ్గర కత్తి పట్టుకుని నిలబడ్డ మేనమామ ఉండడు.

అదే 2007లో, జూలై చివర్లో, చుండూరు ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల పోయాడు. క్యాంపస్ అంటే ఒక్కటే క్యాంపస్ కాదని అప్పుడు చాలామందికి తెలిసింది. 

గడ్డం, సలీమా ఈ కొత్త తెరమీద చోటు లేని మనుషులు. వాళ్లు కాఫీ షాపులో కలవలేదు, సారా సీసా ఇచ్చిపుచ్చుకునే కిటికీ దగ్గర కలిశారు. ఆమె ఒంటిని అమ్ముకుని బతికే ముస్లిం స్త్రీ అని తెలిశాక కూడా గడ్డం వెనక్కి పోడు. ఇది ఈ సినిమా చేసిన అతి పెద్ద పని అని నా అభిప్రాయం. ‘సప్తపది’ పవిత్రతను కాపాడి పెళ్లి చేసింది. ఇక్కడ ప్రేమకు పవిత్రత షరతే కాదు. కానీ సలీమాను బతకనివ్వలేకపోయింది. మగవాడి బతుకులో మలుపు కోసం ఒక ముస్లిం స్త్రీ చావాల్సి రావడం మీద మన ఆడపిల్లలు వేసే ప్రశ్న న్యాయమైనదే. రాజు గుండెలో నాలుగు గదులున్నాయి; భార్గవి తర్వాత ఏమైంది, సునీత ఏమైంది, వాళ్ల గుండెల్లో ఏముంది అని సినిమా వెనక్కి తిరిగి చూడదు.

రాజు కాలం: పెద్దమనిషి లేని ముగింపు

2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పు చెప్పింది. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లిలో జోక్యం చేసుకునే హక్కు కుటుంబానికి, కుల పంచాయితీకి లేదని. బెదిరింపులుంటే రక్షణ ఇవ్వాలి, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం పెట్టాలి, సురక్షిత గృహాలు చూడాలి అని. ఆరు నెలలు తిరగకముందే మిర్యాలగూడ. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చంపించిన తండ్రి అప్పటికే ప్రాణం తీసుకున్నాడు. ఏడేళ్ల న్యాయం తర్వాత కూడా జిల్లాల్లో ఆ రక్షణ విభాగం గది ఎక్కడుందో మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెరమీద ఏడ్చి, వీధిలో హంతకుడి పక్షం ఎలా తీసుకున్నారు?

జవాబు ఎనభై ఏళ్ల ఆ అచ్చులో ఉంది. కులాంతర ప్రేమ అంటే తండ్రి బాధ కథ అని మన సినిమా మనకు నేర్పింది. శాస్త్రి కరగడం, యాజులు ఒప్పుకోవడం. కెమెరా ఎప్పుడూ ఆ పెద్దాయన ముఖం మీదే. చూసేవాడు ఆ ముఖంతో పాటు ఏడ్చాడు. అలా ఏడవడం అలవాటైనవాడికి మిర్యాలగూడలో కూడా తండ్రి ముఖమే ముందు కనిపించింది. శవం తర్వాత కనిపించింది.

‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ అచ్చును విరిచింది. సునీత తండ్రి మారడు. భార్గవి తండ్రి మారడు. సలీమాను చంపినవాళ్లు పశ్చాత్తాపపడరు. ఒక్క పెద్దమనిషికీ చివర్లో గొప్పగా కరిగే అవకాశం సినిమా ఇవ్వలేదు. రాజుకి తోడు దొరికింది ఎవరో దయ తలచినందుకు కాదు, నలభై తొమ్మిదేళ్లు మొండిగా మనిషిగా ఉన్నందుకు. కెమెరా ప్రేమించినవాడి వైపు ఉంది. 

అయితే ఈ సినిమా కూడా ఒక చోట నోరు మెదపదు. జోసెఫ్ క్రైస్తవుడు, సలీమా ముస్లిం అని చెబుతుంది. రాజు కులం మీద మాత్రం వేలు పెట్టి చూపదు. మతం పేరు ఎత్తడం తేలిక. మతం తేడా అంటే ‘దేవుళ్లు వేరు’ అని సర్దుకోవచ్చు, చివరికి ‘దేవుడు లేడు, మనుషులే ఉన్నారు’ అనుకుని ఇంటికి పోవచ్చు. కులానికి అంత తేలిక దారి లేదు. మిర్యాలగూడ హత్యలో గొడవ దేవుళ్ల మధ్య జరగలేదు. అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చెప్పింది అదే. కులాంతర వివాహమే అసలు మందు. కానీ కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల మీద నమ్మకం పోనంతకాలం జనం ఆ మందు మింగరు. 2011–12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం కులాంతర వివాహాలు నూటికి ఐదు చిల్లర. మందు సీసా మూత కూడా సరిగ్గా తియ్యలేదు మనం.

సంపన్నుల గుంపు కథల్లో నాలుగు ప్రేమలంటే నలుగురు మనుషులు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రేమ, ఒక్కో ముగింపు, ఒక్కో పాట. మన పేటల్లో నాలుగు ఓటములనూ ఒక్కడే మోయాలి. పేరు మార్చుకుంటూ, పని మార్చుకుంటూ, మళ్లీ మొదలుపెడుతూ. ఆ ఒక్కడికి 49 ఏళ్లకు దొరికినది మిర్యాలగూడ యువకుడికి ముందే దొరికింది. బతకనిస్తే అతనూ 49కి వచ్చేవాడు.

ఈ వ్యాసం చదువుతున్న విద్యార్థులకు రెండు పనులు చెబుతాను. ఒకటి, మీ జిల్లాలో కులాంతర, మతాంతర జంటల రక్షణకు 2018 తీర్పు ప్రకారం ఏ అధికారి ఉన్నారో సమాచార హక్కు కింద అడగండి. జవాబు వస్తే అందరికీ తెలిసేలా రాయండి, రాకపోతే అదీ రాయండి. రెండు, ‘భారతదేశంలో కులాలు’ చిన్న పుస్తకం, రెండు గంటల్లో అయిపోతుంది. మీ కాలేజీ అంబేడ్కర్ సంఘంలో కూర్చుని కలిసి చదవండి. చదివాక ఈ సినిమా మళ్లీ చూడండి.

వచ్చే భాగంలో ‘పలాస 1978’. అక్కడ ప్రేమ తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపానికీ చరిత్ర ఉంది.

జై భీమ్.